గొల్లభామ తప్పిన నీతి ఎవరిది?

ఆ మధ్య మా పల్నాడు వైపు ఒక కాలేజీలో అమ్మాయిలతో మాట్లాడమని పిలిచారు. తెలుగు కథల్లో శీలం అనే భావన ఎలా మారుతూ వచ్చిందో ఓ గంటసేపు చెప్పాను. చివర్లో ఒకమ్మాయి లేచి "దేవుడంటే భయం లేకపోతే మనుషులు నీతిగా ఎందుకుంటారు మేడమ్?" అనడిగింది.

నాకిది కొత్త ప్రశ్న కాదు. హేతువాది ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. జవాబు నోటికి వచ్చు. నీతి ఆకాశం నుంచి ఊడిపడలేదని, గుంపులుగా బతికే జీవుల్లోనే దాని మూలాలున్నాయని, డార్విన్ 1871లోనే ఈ మాట రాశాడని చెప్పాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. "అయితే మేడమ్, మగవాడికో నీతి, ఆడదానికో నీతి ఉండటం కూడా అక్కణ్ణుంచే వచ్చిందా? అలాగైతే ఇక దాన్ని మార్చలేం కదా?" అంది.

ఇంతలో బెల్లు కొట్టారు. నేను బతికిపోయాను. కానీ తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి కోటప్పకొండ కనిపిస్తున్నంతసేపూ ఆ అమ్మాయి మొహమే గుర్తొచ్చింది. నేను చెప్పింది తప్పు కాదు. సగం జవాబు, అంతే. మిగతా సగం కోసం పుస్తకాల కంటే ముందు ఆ కొండ కథ దగ్గరికే వెళ్ళాలనిపించింది. ఎందుకంటే దేవుడు, నీతి, ఆడది - ఈ మూడూ నాకు మొదటిసారి ఒకచోట ఎదురైంది ఆ కథలోనే.

కోటప్పకొండ కథ మా వైపు అందరికీ తెలుసు. తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. కొండ కింది ఊళ్ళో ఒక గొల్లపిల్ల. స్థలపురాణం పుస్తకాల్లో ఆమె పేరు ఆనందవల్లి. జనం నోట్లో మాత్రం ఆమె గొల్లభామే. సంసారం మీద ఆశలేని పిల్ల. రోజూ కొండెక్కి జంగమదేవర రూపంలో ఉన్న శివుణ్ణి సేవించేది. ఒక ఎండాకాలం ఓగేరు వాగు నుంచి మోసుకొచ్చిన నీళ్ళ కుండ మీద కాకి వాలి నీళ్ళన్నీ ఒలకబోసిందట. ఈ కొండ మీద కాకులు వాలకూడదని ఆమె శపించింది. ఇవాళ్టికీ అక్కడ కాకులు వాలవని చెప్పుకుంటారు. ఆమె పడే కష్టం చూసి ఇక రావద్దని చెప్పినా వినకపోయేసరికి జంగమదేవర ఆమెకి గర్భం కలిగేలా చేశాడు. ఆ బరువుతో కూడా ఆమె కొండెక్కడం మానలేదు. చివరికి ఆయనే, "నీ వెంట నేనే వస్తాను. వెనక్కి తిరిగి చూడకుండా నడువు. చూశావా, అక్కడే ఆగిపోతాను" అన్నాడు. ఆమె ముందు, ఆయన వెనక. బ్రహ్మశిఖరం దగ్గరికొచ్చేసరికి ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆయన అక్కడే గుహలో వెలిశాడు. ఆమెకి బిడ్డ పుట్టడం, ఆ బిడ్డ మాయమవడం, అదంతా పరీక్ష అని తెలుసుకుని ఆమె శివుడిలో ఐక్యమవడం. ఇదీ కథ. స్వామి గుడి కన్నా దిగువన గొల్లభామ గుడి ఉంది. ముందు ఆమెని చూసుకుని ఆ తర్వాతే పైకి వెళ్ళాలంటారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి శివుణ్ణి దక్షిణామూర్తిగా, బ్రహ్మచారిగా కొలుస్తారు. అందుకే మిగతా శివాలయాల్లో జరిగే కల్యాణోత్సవం ఇక్కడ జరగదంటారు. పైన బ్రహ్మచారి దేవుడు. కింద పెళ్ళికాని తల్లి. రెండు గుళ్ళూ ఒకే కొండ మీద.

ఈ కథ చదివినప్పుడల్లా నేను ఆగిపోయేది 'పరీక్ష' అన్న మాట దగ్గర. ఆ మాట కథలోకి ఎందుకు రావలసి వచ్చింది? నీతి అంటే దేవుడు చెప్పిందే, చేసిందే అయితే ఆయన ఏం చేసినా ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ ఈ కథ చెప్పినవాళ్ళకి సంజాయిషీ అవసరమైంది. పెళ్ళికాని పిల్లకి దేవుడు గర్భం తెప్పించడమేమిటని వాళ్ళకే ఇబ్బందిగా అనిపించి ఉండాలి. అందుకని అది నిజం గర్భం కాదు, మాయ అన్నారు. పుట్టిన బిడ్డని మాయం చేశారు. అంటే కథ చెప్పేవాళ్ళ చేతిలో అప్పటికే ఒక కొలబద్ద ఉంది. దేవుణ్ణి కూడా దానితోనే కొలిచారు. కాస్త తక్కువొచ్చేసరికి సర్దారు. దేవతలు మెచ్చారు కాబట్టి ఒక పని మంచిదవుతుందా, లేక మంచిది కాబట్టే దేవతలు మెచ్చారా అని ప్లేటో తన 'యూతిఫ్రో' సంభాషణలో సోక్రటీసు చేత అడిగిస్తాడు. మా కొండ కథకులు ప్లేటోని చదవలేదు. కానీ వాళ్ళు రెండో వైపే ఉన్నారు. మతం నుంచే నీతి పుట్టిందనే వాదానికి జవాబు మా స్థలపురాణంలోనే ఉంది.

అయితే ఆ కొలబద్దని చూసి సంతోషించడానికేమీ లేదు. అది దేన్ని కొలిచింది? అడక్కుండా ఒక పిల్ల ఒంట్లోకి గర్భాన్ని పంపడం తప్పని కథకి తోచలేదు. పెళ్ళికాకుండా కడుపు రావడమే తప్పనిపించింది. దాన్నే కప్పిపుచ్చింది. మనుషులు నీతిని దేవుడి కంటే ముందే తయారుచేసుకున్నారు, నిజమే. కానీ ఆ మనుషులు ఎవరన్నది స్త్రీలుగా మనం అడగాల్సిన రెండో ప్రశ్న.

వెనక్కి తిరిగి చూడటం సంగతి కూడా అంతే. పుస్తకాలు చదివితే అది ఆమె చేసిన పొరపాటు, ఆజ్ఞ మీరడం. బైబిల్లో లోతు భార్య వెనక్కి చూసి ఉప్పు స్తంభమైంది. గ్రీకు కథలో వెనక్కి చూసింది ఆర్ఫియస్ అనే మగవాడే అయినా పాతాళానికి తిరిగి పోయింది అతని భార్య. ఎవరు చూసినా నష్టపోయేది ఆడదే. మా నాయనమ్మ మాత్రం ఈ ఘట్టాన్ని వేరేగా చెప్పేది. "నమ్మకం లేక కాదే. కడుపుతో ఉన్న మనిషి. వస్తానన్నోడు వస్తన్నాడో లేదో చూసుకోవద్దూ?" అనేది. పొరపాటు అనే మాటే ఆమె నోట్లో లేదు. దేవుడు కొండ సగంలో ఆగిపోవడం గొల్లభామకి శిక్ష అని కూడా ఆమె అనుకోలేదు. "ఆమె చూడబట్టే గదా ఆయన కొంచెం కిందికి దిగొచ్చింది, లేకపోతే మనబోటి ముసలోళ్ళు ఆ పై దాకా ఎక్కగలమా" అనేది.

మన రచయిత్రులు సీతని, అహల్యని, రేణుకని తిరిగి చదివారు. ఓల్గా 'విముక్త'కి 2015లో సాహిత్య అకాడెమీ అవార్డు కూడా వచ్చింది. కానీ ఊరూరా స్థలపురాణాల్లో ఉన్న గొల్లభామలని ఇంకా గుడి పుస్తకాలకే వదిలేశాం. వాళ్ళ కథలు నాయనమ్మలు ఎలా చెప్పారో రాసిపెట్టుకోకపోతే, రేపు ఆ పుస్తకాల్లో ఉన్నదొక్కటే కథ అయిపోతుంది.

ఇప్పుడు 'నీతి' అనే మాట దగ్గరికొద్దాం. తెలుగులో 'అవినీతి' అంటే లంచం. అవినీతిపరుడు అనగానే మనకి ఆఫీసులో కూర్చున్న మగవాడు కనిపిస్తాడు. అదే 'నీతిమాలినది' అంటే? ఆమె ఎవరి దగ్గరా పైసా తీసుకుని ఉండదు. మగవాడి నీతి జేబులో ఉంటే ఆడదాని నీతి ఒంట్లో ఉంది. 'శీలం' గతి ఇంకా అన్యాయం. బౌద్ధంలో శీలం అంటే నడవడి. ప్రాణం తీయకపోవడం, దొంగిలించకపోవడం, అబద్ధమాడకపోవడం, తప్పుడు లైంగిక ప్రవర్తన లేకపోవడం, మత్తుకి దూరంగా ఉండటం. ఈ అయిదూ ఆడా మగా అందరికీ. ఆ అయిదింటిలో ఒక్కదాన్ని పట్టుకుని, దాన్ని కూడా ఆడవాళ్ళకే అంటగట్టి, మిగతా నాలుగింటినీ భాష మర్చిపోయింది.

ఇది దూరదేశపు సంగతి కాదు. ఇదే పల్నాడులో, మాచర్ల వైపు కృష్ణ ఒడ్డున, మూడో శతాబ్దంలో నాగార్జునకొండ ఉండేది. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యానికి దాత. ఉపాసిక బోధిసిరి సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, తన దానాలన్నిటినీ శాసనం మీద చెక్కించింది. సృష్టికర్త అయిన దేవుడి ఊసెత్తకుండానే మంచి చెడుల గురించి మాట్లాడిన ఒక ధర్మానికి ఈ నేల మీద ఆడవాళ్ళు డబ్బిచ్చారు, పేర్లు చెక్కించుకున్నారు. దేవుడు లేకుండా నీతి ఉంటుందా అని ఇవాళ మనం పడమటి దేశాల పుస్తకాల్లో వెతుకుతున్నాం. నాగార్జునసాగర్ నీళ్ళ కింద మునిగిన లోయలో ఆ ప్రశ్నకి పదిహేడు వందల ఏళ్ళ కిందటి జవాబుంది. అలాగని బౌద్ధాన్ని ఆకాశానికెత్తడం లేదు. భిక్షుణి ఎంత పెద్దదైనా నిన్నగాక మొన్న చేరిన భిక్షువుకి నమస్కరించాలన్న నియమం కూడా ఆ ధర్మంలోనిదే.

ఇవాళ్టి తిరునాళ్ళకొద్దాం. శివరాత్రికి ఊళ్ళవాళ్ళు ఎనభై, తొంభై అడుగుల ప్రభలు కట్టుకుని కొండకి వస్తారు. కరెంటు దీపాల ప్రభల ముందు రాత్రంతా డాన్సులు. ఆ అమ్మాయిలు పొట్టకూటి కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. తెల్లారితే మాట్లాడుకునేది వాళ్ళ బట్టల గురించి. వాళ్ళని మాట్లాడి తెచ్చిందెవరు, చందాలేసుకుందెవరు, కింద నిలబడి ఈలలేసిందెవరు అనే మాట రాదు. దేవుడి పేరున జరిగే ఉత్సవంలో అశ్లీలమేమిటని భక్తులు బాధపడతారు. మతమే ఇంత అంటారు హేతువాదులు. ఇద్దరి మాటల్లోనూ ఆ అమ్మాయి కూలి గురించి ఒక్క ముక్క ఉండదు.

ఇక నేను చాలా ఏళ్ళుగా ఎక్కడా రాయని సంగతి. నాకప్పుడు పదేళ్ళు. 1970ల మొదట్లో. మా ఊరు కొండ కనిపించేంత దూరంలోనే. మా పొలానికి మిరపకోతలకొచ్చే ఇంటి పిల్లకి కడుపొచ్చింది. పదిహేడేళ్ళుంటాయేమో. ఎవరివల్లో ఊరందరికీ తెలుసు. పెద్దింటి కుర్రాడు. రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చున్నారు. ఆ పిల్ల తండ్రి తప్పు కట్టాలని, పిల్లని ఊళ్ళో ఉంచకూడదని తేల్చారు. మా భాషలో 'తప్పు' అంటే నేరమూ అదే, జరిమానా కూడా అదే. చేసినవాడొకడు, కట్టేవాడొకడు కావడానికి ఆ మాట బాగా వీలిస్తుంది.

మా నాన్న హేతువాది. గోరా మాటలు, త్రిపురనేని రామస్వామి పుస్తకాలు ఆయనకి కంఠతా వచ్చు. గ్రహణం పూట పనిగట్టుకుని అన్నం తినేవాడు. చదువుకున్నవాడని ఆ రోజు ఆయన్ని కూడా రచ్చబండకి పిలిచారు. వెళ్ళి కూర్చుని వచ్చాడు. అమ్మ అడిగితే "ఊరి కట్టుబాటు. మనమొక్కళ్ళం ఏం చేస్తాం?" అని పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

మా నాయనమ్మ ప్రతి శివరాత్రికీ కొండెక్కే మనిషి. "చేదుకో కోటయ్యా" అంటూ ఒక్కో మెట్టూ ఎక్కేది. ఆ రాత్రి గిన్నెలో అన్నం, మజ్జిగ పట్టుకుని, నా చేత లాంతరు పట్టించి, పొగాకు బ్యారన్ పక్కన పాకలో తల్లీకూతుళ్ళు దాక్కుని ఉన్న చోటికి వెళ్ళింది. అలా నెలన్నర. పురిటికి మంత్రసానిని పిలిపించి డబ్బిచ్చింది కూడా ఆమే. ఒకరోజు దారిలో అడిగాను, "దేవుడు తిట్టడా నాయనమ్మా?" అని. "తిట్టాలంటే కోటయ్య ముందు తన సంగతి చూసుకోవాల. గొల్లభామకి దణ్ణం పెట్టుకుని ఈ పిల్లనెట్టా గెంటేస్తామే?" అంది.

ఇక్కడితో ఆపితే ఇది భక్తురాలి దయ, నాస్తికుడి పిరికితనం అనే కథ అవుతుంది. ఆపకూడదు. నాయనమ్మ ఆ అన్నాన్ని ఆ పిల్ల విస్తట్లోకి పైనుంచి జారవిడిచేది. చెయ్యి తగలనిచ్చేది కాదు. ఇంటికొచ్చాక బావి దగ్గర తను స్నానం చేసి, నా నెత్తిన కూడా నాలుగు చేదలు గుమ్మరించేది. ఆ కుర్రాడి ఇంటివాళ్ళని ఒక్క మాటా అనలేదు. వాళ్ళింట్లో పెళ్ళికి పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. బిడ్డకి మూడో నెల రాగానే తల్లీకూతుళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయారు. ఆ కుర్రాడు పెద్దయ్యాక ఊరి పెద్దల్లో ఒకడయ్యాడు. ప్రభకి పెద్ద చందా రాసేది ఆయనే.

వ్యాసాల్లో మా నాన్న గురించి రాశాను, సభల్లో గర్వంగా చెప్పాను. నాయనమ్మని మాత్రం పక్కనబెట్టాను. ఆమె నా వాదానికి అడ్డొస్తుంది కాబట్టి. నా సగం జవాబుకి కారణం అదేననిపిస్తోంది.

నాయనమ్మకి ఆ తెగువ మతం ఇచ్చిందా? ఆ మాట అనడానికి భాషని మతం ఇచ్చింది. అది చిన్న సంగతి కాదు. గొల్లభామ లేకపోతే రచ్చబండ తీర్పుకి ఎదురు చెప్పడానికి చదువురాని ఆమె దగ్గర ఇంకే ఆధారమూ లేదు. కానీ ముందుగా ఆమెని కదిలించింది పాకలో ఆకలితో ఉన్న పిల్ల. కథ తర్వాత గుర్తొచ్చింది. అసలు గొల్లభామని చూసుకునే పైకి వెళ్ళాలనే ఆచారం ఎందుకొచ్చి ఉంటుంది? ఆ పిల్లకి అన్యాయం జరిగిందని ఎవరికో మనసులో పొడుచుకుని ఉంటుంది. గాదెలో ధాన్యం ఉంటుంది, గాదె పండించింది కాదు. మనుషులు పండించుకున్న దయని మతం దాచిపెడుతుంది. దాంతోపాటు అంటునీ దాచిపెడుతుంది. రెండూ నాయనమ్మ ఒకే చేత్తో తీసింది.

మరి పరిణామం? ఆ అమ్మాయి వేసిన రెండో ప్రశ్న ఇక్కడే. డార్విన్ 'డిసెంట్ ఆఫ్ మ్యాన్'లో చెప్పిందేమిటంటే, తల్లీ బిడ్డల మమకారంతో సహా సాంఘిక స్వభావాలున్న ఏ జీవికైనా మనిషికున్నంత తెలివి పెరిగితే నైతిక స్పృహ కూడా వస్తుందని. గొప్ప మాట. అదే పుస్తకంలో తెలివితేటల్లో స్త్రీకన్నా పురుషుడు మిన్న అని కూడా రాశాడు. 1875లోనే అమెరికా రచయిత్రి ఆంటోనెట్ బ్రౌన్ బ్లాక్‌వెల్ దాన్ని ఖండిస్తూ పుస్తకం రాసింది. దైవవాక్కుకి భాష్యం చెప్పినవాళ్ళు మగవాళ్ళయినట్టే ప్రకృతికి భాష్యం చెప్పినవాళ్ళూ చాలాకాలం మగవాళ్ళే.

ఈ భాష్యాన్ని లోపలి నుంచి మార్చిన శాస్త్రజ్ఞురాలు శారా బ్లాఫర్ హర్డీ. 1970లలో మన రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూలో కొండముచ్చుల్ని గమనించింది. బయటి నుంచి వచ్చి గుంపుని ఆక్రమించిన మగవి పసిపిల్లల్ని చంపుతాయి. ఆడవి చేతులు కట్టుకుని కూర్చోవు. ఒకటై తిరగబడతాయి, తండ్రి ఎవరో మగవాటికి తేలకుండా అనేక మగవాటితో జతకడతాయి. అంటే 'ప్రకృతి సహజం' అన్న మాటలో పెత్తనమూ ఉంది, తిరుగుబాటూ ఉంది. పాతివ్రత్యం మాత్రం కనిపించలేదు. 2009లో వచ్చిన 'మదర్స్ అండ్ అదర్స్' పుస్తకంలో ఆమె ఇంకో ముఖ్యమైన ప్రతిపాదన చేసింది. చింపాంజీ తల్లి తన బిడ్డని నెలల తరబడి ఎవరి చేతికీ ఇవ్వదు. మనిషి తల్లి ఇస్తుంది. అమ్మమ్మ, అత్త, అక్క, పక్కింటామె ఎత్తుకుంటారు, తిండి పెడతారు. అలా పదిమంది చేతుల మీద పెరగాల్సి రావడం వల్లే ఎదుటివాళ్ళ మనసు పసిగట్టే శక్తి మన జాతికి వచ్చిందంటుంది. యుద్ధం, వేట వల్లే మనుషులు కలిసి బతకడం నేర్చుకున్నారనే పాత కథకి ఇది గట్టి జవాబు. చీకట్లో అన్నం గిన్నెతో నడిచిన నాయనమ్మ నాకు హర్డీ పుస్తకంలో మనిషిలాగే కనిపిస్తుంది.

కానీ ఇక్కడా ఆపకూడదు. గుంపుగా బతకడం వల్ల దయ పుట్టినట్టే వెలి కూడా పుట్టింది. గుసగుసలు, సిగ్గు, గెంటేస్తారన్న భయం - ఇవన్నీ గుంపుని పట్టి ఉంచిన తాళ్ళే. రచ్చబండ పుట్టింది కూడా ఆ వేరు నుంచే. అన్నం పట్టుకెళ్ళిన చెయ్యినీ, తప్పు కట్టించుకున్న చెయ్యినీ పరిణామమే ఇచ్చింది. ఈ రెంటిలో ఏది సరైనదో అది చెప్పదు, చెప్పలేదు. కాబట్టి ఆ అమ్మాయికి నేను చెప్పాల్సింది ఇది: ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసినంత మాత్రాన మార్చలేమని కాదమ్మా. చూపు మందగించడం కూడా సహజమే. కళ్ళద్దాలు పెట్టుకుంటున్నాం కదా.

2003లో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ కాపుచిన్ కోతులతో చేసిన ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకే పనికి ఒకదానికి దోసకాయ ముక్క, పక్కదానికి ద్రాక్షపండు. దోసకాయ దక్కిన కోతి దాన్ని తీసుకోననేది, ఒక్కోసారి విసిరికొట్టేది. అవన్నీ ఆడకోతులు. ఆ ప్రయోగానికి వేరే అర్థాలు చెప్పినవాళ్ళూ ఉన్నారు. నాకు అందులో కనిపించేది ఒక మొదటి మెట్టు. నాకన్యాయం జరిగిందనడం మొదటిది. పక్కదానికి జరిగింది, నాకొచ్చిన ద్రాక్ష నాకొద్దనడం రెండోది. మా ఊళ్ళో ఆ రెండో మెట్టు ఎవరూ ఎక్కలేదు. నాయనమ్మ సగం ఎక్కి స్నానం చేసింది. నాన్న మెట్ల గురించి పుస్తకాలు చదివాడు.

ఎక్కినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. కోటప్పకొండకి ఎంతో దూరం లేని వినుకొండలో 1895లో జాషువా పుట్టాడు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలం చేత కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. దేవుణ్ణి ఆయన కాదనలేదు. దేవుడి ఎదుటే లెక్క అడిగాడు. ఆ లెక్క మతం నేర్పింది కాదు, మతం అతన్ని గడప బయటే నిలబెట్టింది. జీవశాస్త్రం నేర్పిందీ కాదు. దెబ్బ తిన్నచోటు నుంచి వచ్చింది. ఆయన కూతురు హేమలత గోరా కొడుకు లవణాన్ని పెళ్ళాడి, నిజామాబాద్ ప్రాంతంలో జోగినుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. దేవుడికిచ్చి పెళ్ళి చేశామని చెప్పి ఊరి మగవాళ్ళకి అప్పగించిన ఆడపిల్లలు వాళ్ళు. దేవదాసీ, జోగినీ అంకితాల్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది. గొల్లభామ కథ దేవుడి పేరెత్తకుండా చదివితే ఎలా ఉంటుందో జోగినుల బతుకుల్లో ఉంది. నాస్తికత్వం పుస్తకంలోంచి బయటికొచ్చి ఆ పిల్లల దాకా నడిచినప్పుడే దానికి నీతి అనే పేరు దక్కింది. హేతువాద ఉద్యమంలో ఉంటూనే ఆడవాళ్ళ సంగతేమిటని అడిగిన మల్లాది సుబ్బమ్మదీ అదే దారి.

నీతి మతం నుంచి వచ్చిందా, పరిణామం నుంచి వచ్చిందా అనే చర్చలో నేనింకా రెండో వైపే ఉన్నాను. దాన్ని దాచుకోను. కానీ ఆ చర్చ గెలిస్తే చాలని ఇప్పుడు అనుకోవడం లేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగినంత శ్రద్ధగా, ఎవరి మీద పడిందో కూడా అడగాలి. నీతిని సరిదిద్దినవాళ్ళు ఎప్పుడూ అది ఎవరి మీద పడిందో వాళ్ళే, లేదా వాళ్ళ పక్కన నిలబడినవాళ్ళు. చూడొద్దన్నా వెనక్కి తిరిగి చూసినవాళ్ళు.

మొన్న శివరాత్రికి ముందు కొండకి వెళ్ళాను. పైకి ఎక్కలేదు. దిగువన గొల్లభామ గుడి దగ్గర కాసేపు కూర్చున్నాను. దణ్ణం పెట్టలేదు, అలవాటు లేదు. పొగాకు బ్యారన్ పక్కన పాకలో బిడ్డని కన్న ఆ పిల్ల గురించే ఆలోచించాను. ఆమెకి గుడి లేదు. బిడ్డ మాయమవలేదు కదా, అందుకని కాబోలు. ఆమె పేరు నాకు గుర్తుంది. ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇవాళ్టికీ తప్పు కట్టాల్సింది ఆమే.